ఏడో గల్లీలో గోడ ఆరే కాలం

ఉత్తరాభాద్ర కార్తె, నాలుగో రోజు

విడిపోయే ఇద్దరూ ఎవరి చిట్టా వాళ్ళు రాయాలని మా గని ఊళ్ళో నియమం. ఎవరూ చదవరట. చదవనప్పుడు రాయడమెందుకని గుమాస్తా ఖాసిం సాబ్‌ను అడిగాను. "రాస్తే కోపం కాయితం మీదికి పోతది టీచరమ్మా. పక్కింటోళ్ళకు నిద్ర పడతది" అన్నాడు. ఇన్నేళ్ళుగా పిల్లల చేత చరిత్ర రాయిస్తున్నదాన్ని, నాది రాసుకోవాలంటే ఇంత బద్ధకమొస్తుందనుకోలేదు.

ఈరోజు మొదటి పొగ పరీక్ష. తప్పాం.

గోడ చూడ్డానికి బాగానే ఉంది. ఇంటిని సరిగ్గా సగం చేస్తూ, నేల నుంచి బొగ్గు కప్పు దాకా నేనూ మొగిలీ కట్టిన గోడ. మేస్త్రీని పెట్టకూడదు. ఒకరు ఇటుక అందిస్తే ఇంకొకరు పేర్చాలి. చలికాలమంతా పట్టింది. మొగిలి ఇటుకను పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేవాడు. నేను సున్నం కలిపేదాన్ని. పెళ్ళయిన కొత్తలో కూడా మేమిద్దరం ఒకే పని మీద అంతసేపు కూర్చున్న గుర్తు లేదు.

గోడ ఆరాక పరీక్ష. ఒక వైపు ఊదు పొగ వేస్తారు. రెండో వైపు మనిషి గోడకు ముక్కు ఆనించి, అంచులన్నీ వాసన చూసి, ఒట్టు పెట్టి రెండు మాటల్లో ఒకటి చెప్పాలి. 'వస్తున్నది' అనాలి, లేదా 'వస్తలేదు' అనాలి. తర్వాత వైపులు మారతాయి. ఇద్దరూ 'వస్తలేదు' అంటే ఎవరి వాటా గాలి వాళ్ళకని రెండు గదులకు రెండు గాలి చీటీలు రాసిస్తారు. అదే విడాకులు. మా అమ్మమ్మ చిన్నతనంలో గాలిని కొలిచే మీటర్లుండేవట. తడికి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. కొత్తవి పైనుంచి రావాలి, పైన ఆ ఎండలో మనుషులెక్కడ? ఇప్పుడు ఊరికంతటికీ ముక్కే మీటరు.

నా వంతులో నేను 'వస్తలేదు' అన్నాను. మొగిలి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. ఖాసిం సాబ్ రెండుసార్లు దగ్గాడు కూడా. చివరికి 'వస్తున్నది' అన్నాడు.

మొగిలి మా ఏడో గల్లీకి గాలి కాపరి. మూసేసిన పాత సొరంగాల్లోంచి కుళ్ళు గాలి ఎప్పుడు ఇటు మళ్ళుతుందో వాసన పట్టి చెప్పడం అతని ఉద్యోగం. అతని మాట మీద గల్లీ ఫ్యాన్లు తిరుగుతాయి. అలాంటి మనిషి వస్తున్నదంటే ఎవరు కాదంటారు? ఖాసిం సాబ్ ఊదు డబ్బా మూసి, "నలభై రోజులైనంక మళ్ళ వస్త" అని వెళ్ళిపోయాడు.

రేవతి కార్తె, మొదట్లో

ఎగువ గని నుంచి కబురొచ్చింది. అక్కడ పెద్ద పిల్లలకు కొత్త బడి పెడుతున్నారు. చరిత్ర చెప్పడానికి నన్ను తీసుకుంటారట. పుస్తకాలకే ఒక గది ఉందట. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. ఇక్కడ నేను పదేళ్ళ పిల్లలకు వానాకాలం అంటే ఏమిటో, చెట్టు కింద నీడ ఎలా ఉంటుందో చెబుతూ ముసలిదాన్నవుతున్నాను. నేనూ ఏ చెట్టు కిందా కూర్చోలేదు.

షరతు ఒకటే. నా పేరు మీద విడిగా గాలి చీటీ ఉండాలి. మొగుడూ పెళ్ళాల ఉమ్మడి చీటీ ఒక గనిలోనే చెల్లుతుంది. బండ్లు మృగశిర కార్తె ముందు బయలుదేరతాయి. తొలి వానలకు సొరంగం నీళ్ళతో నిండితే చలికాలం దాకా దారి ఉండదు. అప్పటిదాకా ఆ చోటు నాకోసం ఆగదని కూడా రాశారు, మర్యాదగానే.

నీళ్ళ వరుసలో లస్మక్కకు చెప్పాను. పక్కింటి మనిషి, రెండు గోడలు కట్టినావిడ.

"ఎన్ని దినాలు పడతదో ఎవ్వరు చెప్పలేరు చెల్లె" అంది బిందె వంచుతూ. "నా మొదటిది నాలుగు నెలలకే తేలిపోయింది. ఒకళ్ళంటే ఒకళ్ళకు పడదాయె, దబదబ కట్టి అవుతల పడ్డం. రెండోది మూడేండ్లు. వాడు ఇటుకే ముట్టనన్నడు. ఒక్కదాన్ని కడితే చెల్లదంటిరి. తీర్పు చెప్పే పై బల్ల దాకా పోయిన. ఆ బల్లమీదోళ్ళు వారానికొక్కనాడు కూసుంటరు, కూసున్ననాడు చాయ్ తాగుతరు."

"పిల్లలుంటే?"

"పిల్లలుంటే గోడకు కిటికీ పెట్టాలె. అది పిల్లలే మూయాలె. మా పెద్దమ్మ బిడ్డ ఇంట్ల ఆ కిటికీ ఇంక తెరిచే ఉన్నది. పిలగానికి మీసాలు గూడ వచ్చినయి."

వరుసలో ఆడవాళ్ళు నవ్వారు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నారు.

"మాది ఇద్దరం ఒప్పుకున్నదే కదక్కా. తొందరగా కావాలి కదా" అన్నాను.

"ఒప్పుకున్నోళ్ళకే మెల్లగైతది. కోపమున్నోళ్ళు జల్ది కడ్తరు" అంది లస్మక్క.

అశ్విని కార్తె, వారం మధ్యలో

దీపాలు మళ్ళీ తగ్గించారు. ఫ్యాన్లు రెండింతలు తిరుగుతున్నాయి, ఉన్న కరెంటంతా వాటికే పోతోంది. బడిలో నాలుగు వరుసలకు ఒక దీపం. ఆరో గల్లీలో వెలుతురు మామూలుగానే ఉందట. మన గల్లీకే ఏమొచ్చిందని పిల్లల తల్లులు నన్నడుగుతున్నారు. గాలి కాపరి పెళ్ళాన్ని కదా, ఇంకా.

ఇవాళ మొగిలి గుమ్మం ముందు ఎదురుపడితే అడిగేశాను.

"ఎక్కడి నుంచి వస్తున్నదో చూపించు. మెత్తుత."

"చూపిస్త తీ."

"ఇప్పుడే చూపించు."

"ఇప్పుడు పనికి పోతున్న" అన్నాడు. చేతిలో ఆ రేకు డబ్బా.

ఆ డబ్బా గురించి రాయాలి. పాత సొరంగం మూతి దగ్గర తడిగుడ్డ వేలాడదీసి, పని దిగేటప్పుడు దాన్ని వాసన చూసి, కుళ్ళు గాలి ఉన్నదీ లేనిదీ ఫ్యాన్ల దగ్గర చెప్పాలి. కాపరులంతా చేసేది ఇదే. కానీ నిరుడంతా మొగిలి ఆ గుడ్డను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేవాడు. నేను రొట్టెలు చేస్తుంటే మొహం ముందు మూత తీసి "ఇదేం వాసనొస్తున్నది?" అనేవాడు. "ఏం లేదు, తడిగుడ్డ" అనేదాన్ని. వెంటనే మళ్ళీ బయటికి పోయేవాడు. రోజూ అంతే. నీ పని ఇంటికి తేవద్దని ఎన్నిసార్లు అన్నానో. కూరలో ఉప్పు ఎక్కువైనా పోపు మాడినా నిరుడు జ్వరం వచ్చి తగ్గిన తర్వాత అతను 'బాగుంది' తప్ప మరో మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంట్లో నన్ను అడిగే మాట అదొక్కటే, ఇదేం వాసన.

దరఖాస్తు నాడు ఖాసిం సాబ్ కారణం అడిగితే 'ఇద్దరికీ అలసట' అని చెప్పాను.

"అలసట చెల్లదమ్మా. కొట్టిండని రాయనా?"

"కొట్టలేదు."

"నువ్వు కొట్టినవా?"

"లేదు సాబ్."

"మరి ఏం రాయమంటవమ్మా నన్ను?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. చివరికి 'మాటలు కుదరక' అని రాశాడు. తప్పేమీ కాదు. కుదరని మాటలంటే ముందు మాటలుండాలి కదా అనిపించింది గానీ, ఆయన పని ఆయనది.

భరణి కార్తె, రెండో రోజు

రెండో పరీక్ష. అంతకుముందు నేను గోడ అంచులన్నీ మళ్ళీ మెత్తాను. కప్పు దగ్గర బొగ్గు పెళ్ళలు రాలే చోట బంకమన్ను కూరాను. వేళ్ళ సందులు ఒరిసిపోయాయి.

నేను 'వస్తలేదు' అన్నాను. మొగిలి 'వస్తున్నది' అన్నాడు. ఈసారి తొందరగానే అన్నాడు.

ఖాసిం సాబ్ వెళ్ళాక గల్లీలోనే అరిచాను. "నన్ను పోనియ్యొద్దనా? ఒప్పుకున్నవు కదా! సంతకం పెట్టినవు కదా!" తలుపులు తెరుచుకున్నాయి. టీచరమ్మ అరవడం ఎవరూ చూడలేదు.

మొగిలి తల వంచుకుని, "నేను ఆపుతలేను ప్రమీలా" అన్నాడు.

"మరేం చేస్తున్నవు?"

లస్మక్క నా చెయ్యి పట్టి లోపలికి లాక్కెళ్ళింది. "మొగోడు వస్తున్నదంటే రెండే చెల్లె. పగన్న ఉండాలె, పావురమన్న ఉండాలె" అంది. ఏదైతే నయమని నేను మనసులో తూచుకుంటూ కూర్చున్నాను. పగైతే తిరిగి కోప్పడొచ్చు. పావురమంటే ప్రేమే కదా, అదైతే ఏం చెయ్యాలో తెలియదు. ఈ వయసులో ఇదేం ఆలోచన అని సిగ్గేసింది కూడా.

ఇంకో నలభై రోజులంటే మృగశిరకు ఒక్క రోజు ముందు. ఆ మధ్యాహ్నమే బండ్లు కదులుతాయి. మూట కట్టి పెట్టుకున్నాను. ఈసారి తప్పితే ఇంక లేదు.

కృత్తిక కార్తె

గల్లీ కూడలిలో అందరూ మొగిలిని చుట్టుముట్టారు.

"ఏందే మొగిలన్నా, దినాం ఫ్యాన్లేనా? చీకట్ల కూరగాయలు తరగలేక మా ఆమె వేలు కోసుకున్నది."

"వాసన గట్టిగనే వస్తున్నదా?"

"అనుమానమున్నది" అన్నాడు మొగిలి.

"రెండు నెలలకెల్లి అనుమానమేనా? పెండ్లాం మీదనా, గాలి మీదనా?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. నవ్వులు. నేను పక్కనే ఉన్నానని చూసి ఆపేశారు. మొగిలి కూడా కొంచెం నవ్వాడు. అలిసిపోయిన మనిషి నవ్వు. చిక్కిపోయాడు. వండుకోవడం రాదు, అదే కారణమనుకున్నాను.

కృత్తిక కార్తె, మళ్ళీ

ఇది వెంటనే రాయాలి.

పలకలు దిద్దుతూ కూర్చుంటే మాడు వాసన. నా పొయ్యి చల్లగా ఉంది. పప్పు మాడు, అడుగంటి బొగ్గైపోతున్న వాసన. గోడలోంచి వచ్చిందో, అతని గుమ్మం లోంచి గల్లీలోకి, గల్లీ లోంచి నా గుమ్మంలోకి తిరిగొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. లేచి అటు వెళ్ళాను. తలుపు తీసే ఉంది.

మొగిలి పొయ్యికి వీపు పెట్టి, చెప్పు తోలు కుట్టుకుంటున్నాడు. వెనక గిన్నె లోంచి నల్లటి పొగ. రెండు జానల దూరం కూడా లేదు. కొంగుతో గిన్నె పట్టి దించాను. ఆ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు.

"అరే. ఎప్పుడు మాడింది?"

నేను అతని మొహం చూస్తూ నిలబడ్డాను. అతను నా మొహం చూశాడు. చేతిలోని సూది పక్కన పెట్టాడు.

"నీకు వాసన రాదు" అన్నాను.

"నిరుటి జ్వరంల పోయింది. మళ్ళ వస్తదనుకున్న."

"ఏడాది నుంచి కాపరి పని ఎట్ల చేస్తున్నవు?"

అతను అటకమీది రేకు డబ్బా వైపు చూశాడు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అక్కడే కూర్చున్నాను, అదే నేల మీద, నేను ఊడవని సగంలో.

"నా ముక్కుతోనా?"

"నీది మంచి ముక్కు" అన్నాడు. "తడిగుడ్డను తడిగుడ్డ అనేటోళ్ళు తక్కువ. భయపడి ఏదో ఒకటి అంటరు."

"గోడ కట్టినప్పటి నుంచి మరి?"

"అనుమానం అని చెప్తున్న."

"రోజూనా?"

"తెలువనప్పుడు వస్తున్నదనే చెప్పాలె. మా నాయన నేర్పిన పనే అది. వస్తున్నదని చెప్పి తప్పైతే ఫ్యాన్లు తిరుగుతయి, జనం తిడతరు. వస్తలేదని చెప్పి తప్పైతే పండుకున్నోళ్ళు లేవరు."

ఫ్యాన్లు. దీపాలు. కోసుకున్న వేలు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి.

"పొగ పరీక్షలో కూడా అంతేనా?"

"నాకెట్ల తెలుస్తది చెప్పు? తెలువకుండ వస్తలేదని ఎట్ల ఒట్టు పెట్టాలె?"

పగా కాదు, ప్రేమా కాదు. వృత్తి. తేలికపడాలి కదా నేను. పడ్డాను కూడా. కానీ దాని కింద చిన్న నిరాశ ఒకటి ఉంది, రాయకపోతే ఈ చిట్టా రాస్తున్నదెందుకు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఊకుంటవా? ఆఫీసుల చెప్పు అంటవు."

నిజమే. అనేదాన్ని.

రోహిణి కార్తె, మొదటి రోజులు

ఆఫీసులో చెప్పు అని నేను ఇంకా అనలేదు. అదీ రాస్తున్నాను.

ఎందుకంటే నియమాలు నాకిప్పుడు కంఠతా వచ్చు. మొగిలి పని పోతే ఆధారితుడవుతాడు. ఆధారితుడైన భర్త నుంచి భార్య, భార్య నుంచి భర్త, వాళ్ళకు వేరే పని దొరికేదాకా విడిపోకూడదు. పరీక్షకు ముందే చెబితే పరీక్షే ఉండదు. బండ్లు వెళ్ళిపోతాయి. చెప్పకపోతే ఏడో గల్లీలో ఇన్ని కుటుంబాలు వాసన తెలియని మనిషి మాట మీద పడుకుంటాయి.

అందుకని మధ్యలో ఒక పని చేస్తున్నాను. మొగిలి పని దిగే వేళకు కూడలి మలుపులో నిలబడుతున్నాను. అతను డబ్బా మూత తీస్తాడు. నేను చూస్తాను. "లేదు" అంటాను. అతను వెళ్ళి 'వస్తలేదు' అని చెబుతాడు. మూడో రోజుకు ఫ్యాన్లు తగ్గించారు, దీపాలు మామూలుగా వెలిగాయి. బడిలో పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కేకలు పెట్టారు. "మొగిలన్న అనుమానం తీరింది" అని గల్లీ అంతా సంబరం. లస్మక్క మాత్రం నన్ను మలుపు దగ్గర చూసి, "ఏం చెల్లె, గోడ కట్టి చాటుమాటుగ కలుస్తున్నరు, కొత్త జంట లెక్క" అంది.

ఇలా ఎన్నాళ్ళు? నేను వెళ్ళిపోతే డబ్బా ఎవరి ముందు తెరుస్తాడు?

రోహిణి కార్తె, తర్వాత

మొగిలే తెచ్చాడు ఆ మాట.

"ఈసారి వస్తలేదు అంట. నువ్వు బండెక్కు. బండి సొరంగం దాటినంక నేనే ఆఫీసుకు పోయి చెప్పుకుంట."

"ఒట్టు పెట్టి?"

"పెడ్త. ఒక్క గోడే కదా. గోడకు ఊపిరి లేదు, ఎవ్వరు చావరు."

"నీ పని పోతది."

"ఎట్లైనా పోయేదే. ఫ్యాన్లకు గ్రీసు పెట్టుకుంట బతుకుత. దానికి ముక్కెందుకు?"

నేను వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. మూట విప్పి చూసుకుని మళ్ళీ కట్టాను. మనసు ఎటు మొగ్గిందో చేతులకు తెలిసిపోయింది. నాకోసం ఒక మనిషి తన జీవితంలో మొదటిసారి తెలియకుండానే 'వస్తలేదు' అని చెప్పబోతున్నాడు, నేను చీరలు మడతపెడుతున్నాను.

రోహిణి కార్తె, చివరి రోజు

పొద్దున్నే బండ్లు కూడలిలో నిలబెట్టారు. నా మూట ఎక్కించి చోటు పట్టుకున్నాను. ఖాసిం సాబ్ ఊదు డబ్బాతో వచ్చాడు. "నేడైనా తెంపుండ్రమ్మా. నా మోకాళ్ళు నొస్తున్నయి" అన్నాడు.

మొదట మొగిలి తన వైపు పొగ వేశాడు. నేను నా వైపు నిలబడి అంచులన్నీ చూశాను. ఏమీ లేదు. 'వస్తలేదు' అన్నాను. తర్వాత నా వంతు పొగ. ఆనవాయితీ ప్రకారం ఎవరి వైపు ఊదు వాళ్ళే వేయాలి. నిప్పుల మీద గుప్పెడు వేశాను. గది తెల్లబడింది. గోడ అవతల మొగిలి, గుమ్మంలో ఖాసిం సాబ్, గల్లీలో లస్మక్కతో సహా సగం జనం.

"చెప్పు మొగిలీ" అన్నాడు ఖాసిం సాబ్.

నేను గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాను. 'వస్తలేదు' అను, అని లోపల అనుకుంటున్నాను. అదీ రాస్తున్నాను.

"నాకు తెలువదు" అన్నాడు మొగిలి.

"తెలువదంటే? వస్తున్నదా, వస్తలేదా?"

"తెలువదు సాబ్. నాకు వాసన రాదు. నిరుటి జ్వరం కెల్లి."

గల్లీలో ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. మరి ఇన్నాళ్ళు, మరి మా పిల్లలు, మరి ఫ్యాన్లు. నేను నా గుమ్మంలోకి వచ్చాను. మొగిలి తన గుమ్మంలో నిలబడి డబ్బా సంగతి అందరి ముందూ చెప్పేశాడు. "నిరుడంత చూసింది ప్రమీలనే, ఇప్పుడు చూస్తున్నది గూడ ఆమెనే. నడుమ రెండు నెలలు ఎవ్వరు చూడలె. అందుకే ఫ్యాన్లు నడిపించిన" అన్నాడు. తిట్టేవాళ్ళు తిట్టారు. కొందరు నా వైపు తిరిగి చూశారు, అదెలాంటి చూపో తెలియలేదు.

ఖాసిం సాబ్ నుదుటి మీద చెయ్యి వేసుకుని నియమాలు తిరగేశాడు. "రెండు పరీక్షలకు ముక్కు లేదు, మూడోది నడుస్తున్నది. మొదలైన పరీక్షను నడుమ ఆపొద్దు. ముక్కు లేనోని తరఫున దగ్గరి మనిషి వాసన చూడొచ్చు." తలెత్తాడు. "మొగిలీ, నీకు దగ్గరి మనుషులెవరు?"

"అమ్మ, నాయన పోయిండ్రు."

"మరి?"

మొగిలి నా వైపు చూశాడు. చీటీ రాసేదాకా నేనే దగ్గరి మనిషిని. లస్మక్క గట్టిగా నవ్వేసింది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గల్లీ లోంచి తిరిగి అతని వైపు వెళ్ళాను. గోడకు ముక్కు ఆనించాను. అతని గది. గ్రీసు, తోలు, మాడిన గిన్నె. ఆ వెనక ఊదు. స్పష్టంగా ఊదు వాసన.

కింద చూశాను, కప్పు దగ్గర చూశాను. అన్నిచోట్లా ఒకేలా ఉంది. అప్పుడు తెలిసింది. పొగ వేసింది నేనే. నా చీరకే పట్టింది, నా జుట్టుకే పట్టింది. గోడ లోంచి వస్తోందా, నా ఒంటి మీది నుంచి వస్తోందా?

"సాబ్, నా చీరకే ఊదు ఉంది. మార్చుకుని వస్తాను."

"నియమంల చీర సంగతి లేదమ్మా. పొగ పోయినంక చూస్తే చెల్లదు. మళ్ళ వేద్దామంటే నలభై దినాలాగాలె. ఇప్పుడు చెప్పాలె. నువ్వు గూడ తెలువదంటే కాయితం పై బల్లకు పోతది, ఇగ అది ఎప్పుడొస్తదో అల్లాకే తెలుసు."

కూడలిలో బండివాడు పేర్లు పిలుస్తున్నాడు. నా పేరు రెండోసారి వినిపించింది. ఒక్క మాట. గోడకు ఊపిరి లేదు, ఎవరూ చావరు. మొగిలి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇప్పుడే పని పోగొట్టుకున్న మనిషి, నేను ఏం చెప్పాలో కళ్ళతో కూడా అడగడం లేదు.

నాకు తెలియదు. తెలియనప్పుడు చెప్పవలసిన మాట ఏదో ఈ ఇంట్లోనే నేర్చుకున్నాను.

"వస్తున్నది" అన్నాను.

మృగశిర కార్తె

రాత్రో పగలో, ఎప్పుడు మొదలైందో గానీ పైకి తెరుచుకునే గాలి బావి లోంచి వాన చప్పుడు వినిపిస్తోంది. బండ్లు సొరంగం దాటాయట. నా మూటను లస్మక్క మోసుకొచ్చి గుమ్మంలో పడేసి, "నీయంత పిచ్చిదాన్ని చూడలె చెల్లె" అని చాయ్ పెట్టిచ్చింది. ఎగువ గని బడికి వేరే ఎవరో వెళ్ళారు. మంచి టీచరే అంటున్నారు.

గల్లీ కమిటీ కూర్చుని మొగిలిని తీసేసింది. కొత్త కాపరి తయారయ్యేదాకా గుడ్డ ఎవరు చూస్తారన్న ప్రశ్న రాగానే అందరూ నన్నే చూశారు. బడి అయ్యాక చూస్తానని ఒప్పుకున్నాను. గుడ్డ తెచ్చిపెట్టేది మాత్రం మొగిలే. మొగిలి ఫ్యాన్లకు గ్రీసు పెట్టే పనికి దరఖాస్తు పెట్టాడు. అది వచ్చేదాకా అతను ఆధారితుడు, అది వచ్చాక నలభై రోజులు, వానాకాలం గోడలు ఆరవు గనక ఆ రోజులు లెక్కలోకి రావు. ఎంతకాలమని ఖాసిం సాబ్‌ను అడిగితే, "చలికాలం అనుకోమ్మా. అనుకుంటే తప్పేంది" అన్నాడు.

ఈరోజు నీళ్ళ వంతు రాగానే ఆ చీర ఉతికాను. తలస్నానం చేశాను. వేరే చీర కట్టుకుని, నా వైపు ఊదు వెయ్యమని లస్మక్కకు చెప్పి, మొగిలి వైపు వెళ్ళాను. గుమాస్తా లేడు, జనం లేరు. గోడ అంచులన్నీ చూశాను. కింద, పైన, అతని పెట్టె వెనక. మళ్ళీ చూశాను.

మొగిలి గిన్నె తోముతూ అడిగాడు. "ఎక్కడ?"

"ఎక్కడా లేదు. వస్తలేదు."

అతను తోమడం ఆపాడు. "మంచిగనే కట్టినం అయితే."

"మంచిగనే కట్టినం."

అతను చేతులు తుడుచుకుని రేకు డబ్బా తెచ్చి మూత తీశాడు. పని వేళయింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. తడిగుడ్డ. దాని మీద, చాలా పలచగా, వాన.

"లేదు" అన్నాను. "వాన వాసన ఒక్కటే."

"అది ఎట్లుంటదో మర్చిపోయిన" అన్నాడు మొగిలి.

చెప్పాను. బడిలో పిల్లలకు చెప్పినట్టే, తెలిసినంతవరకు. తర్వాత ఫ్యాన్ల దగ్గరికి వెళ్ళి 'వస్తలేదు' అని చెప్పి, నా గుమ్మంలోకి తిరిగొచ్చి ఇది రాస్తున్నాను.